గూడు కట్టే కందిరీగలు

కందిరీగలు హైమెనోప్టెరా వర్గపు కీటకాలు. తేనెటీగలకు, చీమలకు దగ్గరి చుట్టాలు. కోయంబత్తూరు నగరంలోని పోదనూరు మొదలుకొని దక్షిణ భారతమంతటా చూరు కింద, గోడ మూలల్లో ఇవి కనిపిస్తాయి. గూటిని బట్టి గుర్తుపట్టడం తేలిక.

కాగితపు గూడు: రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగ చెక్కపీచును నమిలి, లాలాజలంతో కలిపి బూడిదరంగు గూడు కడుతుంది. గూడు కాడకు వేలాడుతుంది. పైకప్పు పొర ఉండదు, గదులు బయటికే కనిపిస్తాయి. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రాఘవేంద్ర గడగ్‌కర్ ఈ జాతి సంఘజీవనంపై 2001లో గ్రంథం వెలువరించారు.

మట్టి గూడు: స్కెలిఫ్రాన్ మద్రాస్‌పటానమ్‌ను కీటక శాస్త్రవేత్త ఫాబ్రిసియస్ 1781లో వర్ణించాడు. నల్లని ఒళ్లు, పొడవాటి సన్నని పసుపు నడుము దీని ఆనవాళ్లు. ఒంటరి ఆడ కందిరీగ తడిమట్టి ఉండలు మోసుకొచ్చి గదులు కట్టి, కుట్టి చచ్చుబడేసిన సాలీళ్లతో నింపి, గుడ్డు పెట్టి మూసేస్తుంది. డెల్టా ప్రజాతి కందిరీగలు గొంగళిపురుగులను దాస్తాయి. పురుగే కందిరీగగా మారుతుందనే భ్రమరకీటక న్యాయానికి ఆధారం ఈ దృశ్యమే. నిజానికి గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగును తిని పెరుగుతుంది.

జాగ్రత్త: తేనెటీగలా కాక, కందిరీగ పలుమార్లు కుట్టగలదు. కాగితపు గూటిని కదపకుండా, దూరం నుంచే చూడాలి.