సింగిల్స్‌ వద్దు.. డబుల్సే ముద్దు: అమలాపురం సాత్విక్‌ రూటే వేరు

కోనసీమ కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్‌ సాయిరాజ్‌ 2014లో హైదరాబాద్‌ గోపీచంద్‌ అకాడమీలో చేరాడు. బ్యాడ్మింటన్‌లో మన దగ్గర పేరంతా సింగిల్స్‌ వాళ్లదే. సాత్విక్‌ మాత్రం డబుల్స్‌ ఎంచుకున్నాడు. రిస్కే మరి!

2016లో మలేసియా కోచ్‌ టాన్‌ కిమ్‌ హెర్‌ అతడికి ముంబై ప్లేయర్‌ చిరాగ్‌ శెట్టితో జోడీ కట్టించారు. ఇద్దరూ వెనక నుంచి స్మాష్‌లు బాదేవాళ్లే. మరి నెట్‌ దగ్గర ఎవరు? అక్కడే వచ్చింది చిక్కు. సెట్‌ అవడానికి టైమ్‌ పట్టింది.

2022లో భారత జట్టుతో థామస్‌ కప్‌, చిరాగ్‌తో కామన్వెల్త్‌ స్వర్ణం. 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, వెంటనే వరల్డ్‌ నంబర్‌ వన్‌. భారత డబుల్స్‌ జోడీకి ఆ ర్యాంక్‌ అదే తొలిసారి. అదే ఏడాది సాత్విక్‌ స్మాష్‌ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్‌కెక్కింది.

లోటల్లా ఒలింపిక్‌ పతకమే. 2024 పారిస్‌ క్వార్టర్స్‌లో తొలి గేమ్‌ గెలిచి కూడా మలేసియా జోడీ చేతిలో ఓడిపోయారు.