నడుమున్న ఈకల చేప

మన కృష్ణలో ట్రౌట్ ఉండదు. అది చన్నీళ్ల చేప. నీటి వేడి 20 డిగ్రీలు దాటితే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన కాలువల్లో ఎండాకాలం నీళ్లు 30 దాటడం మామూలే. అయినా ఆ చేప కోసం అమెరికాలో కట్టే ఎర ఒకటి చేతిలోకి తీసుకుని చూడండి. దాని ఒంటి నిండా కోడిపుంజు ఈకలే. ఆ ఈకల చరిత్రలో దక్షిణ భారతం వాటా పెద్దది. అందుకే దీని పుట్టుపూర్వోత్తరాలు బెజవాడలో కూర్చుని చెప్పుకున్నా అసందర్భం కాదు.

ఆ ఎర పేరు ఆర్టిక్యులేటెడ్ స్ట్రీమర్. గాలాన్ని ఈకలతో, బొచ్చుతో, దారంతో కప్పి పురుగులా కనిపించేట్టు కడితే దాన్ని ఫ్లై అంటారు. పురుగును కాక చిన్న చేపను పోలేట్టు కడితే స్ట్రీమర్. ఒక గాలం వెనక ఇంకో గాలం వేసి, రెండింటి మధ్య కీలు పెడితే ఆర్టిక్యులేటెడ్ స్ట్రీమర్.

ఫ్లై కట్టడం చాలా పాత విద్య. క్రీస్తుశకం 200 ప్రాంతంలో ఏలియన్ అనే రోమన్ రచయిత మాసిడోనియాలో ఒక నది దగ్గరి జాలరుల గురించి రాశాడు. అక్కడి మచ్చల చేపలు నీటి మీద వాలే ఒక ఈగను తింటాయి. ఆ ఈగను గాలానికి గుచ్చుదామంటే చెయ్యి తగలగానే రంగు పోతుంది, రెక్కలు పాడవుతాయి. అందుకని జాలరులు గాలానికి ఎర్ర ఉన్ని చుట్టి, పుంజు గొంతు కింద పెరిగే మైనం రంగు ఈకలు రెండు కట్టేవారట. పద్దెనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఈ పనిలో ముఖ్యమైన సరుకు పుంజు ఈకే.

ఎందుకంటే పుంజు మెడ ఈక సన్నగా, కొసదేరి, మెరుస్తూ ఉంటుంది. గాలం కాడకు చుడితే పోచలు విచ్చుకుని నిలబడతాయి. వీపు మీది ఈకలు ఇంకా పొడవు, మెత్తన. తడిస్తే నీటిలో చేప ఒంటిలాగే కదులుతాయి. సంక్రాంతి పుంజులను డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, అబ్రాసు అని ఈక రంగును బట్టి విడదీసే మనవాళ్లకు ఈ విద్య పెద్ద వింతగా తోచదు. ఫ్లై కట్టేవాళ్లూ అంతే శ్రద్ధగా రంగులు ఏరతారు. అమెరికాలో ఈకల కోసమే ప్రత్యేకంగా పుంజులను పెంచడం స్థిరపడేదాకా, అక్కడి దుకాణాల్లో చవగ్గా దొరికిన మెడతోళ్లు చాలావరకు ఇండియా నుంచి వెళ్లినవే. ‘ఇండియన్ కేప్’ అన్న పేరు ఇప్పటికీ నిలిచింది.

పెంపుడు కోడి మూలం ఆగ్నేయాసియా ఎర్ర అడవికోడి. కానీ పెంపుడు కోడి పసుపు చర్మానికి కారణమైన జన్యువు మాత్రం దక్షిణ భారతపు బూడిదరంగు అడవికోడిదని 2008లో పరిశోధకులు తేల్చారు. ఆ బూడిదరంగు పుంజు మెడ ఈకల మీద చిన్న చిన్న చుక్కలుంటాయి, లక్క పోసినట్టు గట్టిగా, నిగనిగలాడుతూ. విక్టోరియా కాలపు ఇంగ్లీషు దొరలు సాల్మన్ ఫ్లైలకు ఆ చుక్కను కన్నుగా పెట్టేవారు. గిరాకీ పెరిగి మన అడవుల్లో పక్షులు బలయ్యాయి. 1902లో పక్షుల తోళ్లు, ఈకల ఎగుమతిని భారత ప్రభుత్వం నిషేధించింది. చేప కంటికి కన్ను చూపించడానికి ఒక పక్షి జాతిని అంతగా వేటాడటం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. ఇప్పుడు ఆ ఈకలు విదేశాల్లో పెంచిన పక్షుల నుంచి వస్తున్నాయి.

బెజవాడ మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లోనే సరదాకి గాలం వేయడం మన వైపు అడుగుపెట్టింది. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సల్లివాన్ థామస్ 1873లో ‘ది రాడ్ ఇన్ ఇండియా’ రాశాడు. 1887లో చెరువుల్లో గాలం వేయడం మీదనే ఇంకో పుస్తకం వేశాడు. అంతకు ముందే, 1863లో, మన చేపల మీద పెద్ద గ్రంథం రాసిన ఫ్రాన్సిస్ డే నీలగిరికి ట్రౌట్‌ను తెచ్చే ప్రయత్నం చేసి విఫలమయ్యాడు. ఆ చేప అక్కడ నిలదొక్కుకున్నది ఇరవయ్యో శతాబ్ది మొదట్లో.

స్ట్రీమర్‌కు పేరు తెచ్చిన మనిషి మాత్రం టోపీలు కుట్టే ఒక గృహిణి. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు కొండసరస్సుల దగ్గర, అప్పర్ డ్యామ్ అనే చోట క్యారీ స్టీవెన్స్ ఉండేది. భర్త చేపల వేటకు వచ్చేవాళ్లకు దారి చూపే గైడు. ఆమె చేతికి టోపీల ఈకలు అలవాటు. 1924 జూలై 1న ఇంటిపని మధ్యలో వదిలేసి ఒక ఈకల చేప కట్టి, డ్యామ్ కింద నీటిలో వేసింది. 6 పౌండ్ల 13 ఔన్సుల బ్రూక్ ట్రౌట్ పడింది. అంటే మూడు కిలోల పైమాటే. ఒక పత్రిక పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. దాంతో ఆమె ఫ్లైలకు ఆర్డర్లు మొదలయ్యాయి. ఆమె కట్టిన వాటిలో ‘గ్రే ఘోస్ట్’ను ఇప్పటికీ కడుతున్నారు. దాని చెంప మీద కన్ను మన అడవికోడి ఈకే. గాలాన్ని పట్టి ఉంచే వైసు కూడా లేకుండా, వేళ్ల మధ్య పట్టుకునే ఆమె కట్టేదట. అలా కడుతూ తలభాగం అంత సన్నగా, నున్నగా ముగించడం ఎంత కష్టమో కట్టి చూసినవాళ్లకు తెలుస్తుంది.

గ్రే ఘోస్ట్ అందం రూపంలో ఉంది. ఆ తర్వాత వచ్చినవాళ్లు కదలిక వెంట పడ్డారు. 1967లో పెన్సిల్వేనియాలో రసెల్ బ్లెస్సింగ్ ‘ఊలీ బగ్గర్’ కట్టాడు. దాని తోకకు వాడే మారబూ ఒకప్పుడు కొంగ జాతి పక్షి ఈక, ఇప్పుడు టర్కీ కోడిది. తడిస్తే ఊపిరి తీస్తున్నట్టు కదులుతుంది. డెబ్భైల్లో డాన్ బైఫోర్డ్ కుందేలు తోలు పేలికతో ‘జాంకర్’ కట్టాడు. కర్ర ఎరలకు మధ్యలో కీలు పెట్టడం అమెరికాలో 1920ల నాటికే ఉంది. ఈకల ఎరల్లో అది ఊపందుకున్నది మిషిగన్ నదుల మీద. పెద్ద బ్రౌన్ ట్రౌట్ పురుగులతో సరిపెట్టుకోదు, చేపలను తింటుంది. దానికి పెద్ద ఎర కావాలని వాదిస్తూ కెల్లీ గ్యాలప్, బాబ్ లిన్సెన్‌మన్ 1999లో పుస్తకం తెచ్చారు. రస్ మాడిన్ కట్టిన ‘సర్కస్ పీనట్’ లాంటివి ఆ దారిలోవే.

కీలు ఎందుకు? అయిదారంగుళాల ఎరకు అంత పొడుగు కాడ ఉన్న గాలం వాడితే, చేప తల విదిలించినప్పుడు ఆ కాడే దానికి మీటగా పనికొస్తుంది. గాలం ఊడిపోతుంది. పైగా అంత పొడుగు ఇనుము వంగదు. రెండు పొట్టి గాలాలైతే రెండు చిక్కులూ తీరతాయి.

కట్టేటప్పుడు వెనక భాగం ముందు పూర్తి చేస్తారు. మారబూ తోక, మెరుపు పోగులు, కాడ పొడవునా చుట్టిన పుంజు ఈక. వెనక గాలం కన్నులోంచి సన్నని తీగ గానీ గట్టి అల్లిక దారం గానీ దూర్చి, ఒకటి రెండు పూసలు ఎక్కించి, రెండు కొసలూ ముందు గాలం కాడ మీద పరిచి బిగించి చుడతారు, జిగురు వేస్తారు. పూసలు అలంకారం కాదు. వెనక గాలం వెళ్లి ముందుదాని వంపులో చిక్కుకోకుండా ఎడం పట్టి ఉంచుతాయి. కీలు మరీ వదులైతే ఎర మెలిపడుతుంది, మరీ బిగువైతే కీలు పెట్టీ ప్రయోజనం లేదు. చివర సీసపు కళ్లు, జింక బొచ్చు తల. ఆ బొచ్చు లోపల బోలుగా ఉంటుంది కాబట్టి దారం బిగించగానే విచ్చుకుంటుంది. దాన్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరిస్తారు.

దారాన్ని అడుగు మేర చటుక్కున లాగి ఆపితే, నీటిని తోసుకొచ్చిన వెడల్పాటి తల టక్కున ఆగుతుంది. తోక ఆగదు, ఆ ఊపుకి పక్కకు తిరుగుతుంది. క్షణంపాటు ఎర తన పక్క మొత్తం చూపిస్తూ అడ్డంగా నిలుస్తుంది. దెబ్బతిన్న చేపపిల్ల చేసేది సరిగ్గా అదే. చేప కొట్టేది ఎక్కువగా ఆ ఆగినప్పుడే. నా దృష్టిలో ఈ వందేళ్ల ప్రయాణంలో అసలు సాధించింది ఈ ఆగడమే.

ఆ సంగతి మన డెల్టాలో వెదురు కర్ర పట్టినవాడికి ముందే తెలుసు. 1855లో కృష్ణ మీద పాత ఆనకట్ట పూర్తయ్యాక బెజవాడ నుంచి బందరు, ఏలూరు, రైవస్ కాలువలు, వాటి నుంచి పంటబోదెలు ఊళ్లలోకి పాకాయి. వాటి గట్ల వెంట కొరమేను కోసం కప్పను వీపు తోలులో గాలానికి గుచ్చి, నీటి మీద ఆడించి, ఆపి, మళ్లీ ఆడిస్తారు. కొరమేను గాలి పీల్చడానికి పైకి రాక తప్పదు, పై నీటిలో కదిలేది దాని కంట పడుతుంది. ఇప్పుడు కుర్రాళ్లు బతికున్న కప్ప బదులు రబ్బరు కప్ప విసురుతున్నారు. అది మంచి మార్పు.

ఇక్కడ స్ట్రీమర్ కట్టాలంటే కొంత మార్చుకోవాలి. సీసపు కళ్లు తీసెయ్యాలి, ఎర పైనే తేలాలి. గాలం మొన పైకి ఉండాలి, దానికి అడ్డంగా గట్టి నైలాన్ తీగ ముక్క వంచి కట్టాలి. లేకపోతే మొదటి విసురుకే గుర్రపుడెక్కలో ఇరుక్కుంటుంది. మన జింక బొచ్చు చట్టరీత్యా ముట్టరాదు, మేక బొచ్చు అంత బోలుగా ఉండదు కాబట్టి విచ్చుకోదు, తేలదు. తలకు ఫోమ్ ముక్కే సరి. తోకకు మాత్రం ఏ ఊరి పెరట్లోనైనా రాలిన డేగ పుంజు వీపు ఈకలు దొరుకుతాయి.