తిరుపతి బస్సులో మొదటి సీటు

ఆదోని మార్కెట్ యార్డు. వ్యాపారి పత్తి కుప్పలోంచి గుప్పెడు తీసి, వేళ్ల మధ్య పింజ సాగదీస్తాడు. తేమ చూస్తాడు. ధర చెబుతాడు. కళ్లెదుట సరుకుంది కాబట్టి క్వింటాకింత అని తేలిపోతుంది. ఇంకా పండని పంటకు ధర కట్టాలంటే? కొత్త కంపెనీకి విలువ కట్టడం అలాంటిదే.

2005 దీపావళి. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న నిజామాబాద్ యువకుడు సామ ఫణీంద్ర ఊరెళ్లే బస్సు టికెట్ కోసం ఒక ఏజెంటు దగ్గర్నుంచి ఇంకో ఏజెంటు దగ్గరకు తిరిగాడు. ఎక్కడా దొరకలేదు. ఎక్కడో ఒక బస్సులో సీటు ఖాళీగానే ఉండొచ్చు, ఆ సంగతి ఏజెంటుకు తెలిసే దారే లేదు! ఆ ఆలోచన అతన్ని వదల్లేదు. మిత్రులు పసుపునూరి సుధాకర్, పద్మరాజు చరణ్‌లతో కలిసి, దాచుకున్న 5 లక్షలు పోగేసి, 2006 ఆగస్టులో ఇంటర్నెట్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్ మొదలుపెట్టాడు. ఒక ట్రావెల్స్ వాళ్లు నమ్మి ఐదు సీట్లిచ్చారు. మొదటి టికెట్ తిరుపతికి. కొన్న అమ్మాయికి సీటు దొరుకుతుందో లేదోనని వీళ్లు బస్సు దగ్గరే కాచుకున్నారు.

2007లో 30 లక్షలు చాలనుకుని సీడ్‌ఫండ్ అనే వెంచర్ పెట్టుబడి సంస్థ దగ్గరకు వెళ్లారు. ప్రణాళిక తిరగరాస్తే అవసరం 3 కోట్లయింది.

కొత్త కంపెనీల్లో వాటా తీసుకుని డబ్బు పెట్టే వెంచర్ పెట్టుబడిదారు లెక్క రేపటి నుంచి ఇవాళ్టికి నడుస్తుంది. మాటవరసకు, ఏడెనిమిదేళ్లకు కంపెనీ 100 కోట్లు పలుకుతుందని అతని అంచనా. పెట్టినవాటిలో చాలా కంపెనీలు మునిగిపోతాయి గనక నిలిచినదాంట్లో 20 రెట్లు రావాలంటాడు. అంటే ఇవాళ్టి విలువ 5 కోట్లు. అతను కోటి పెడితే ఐదో వంతు అతనిది. ఆ కోటి తీసేస్తే మిగిలిన 4 కోట్లే మీ ఆలోచనకు, మీ చెమటకు కట్టిన ధర. మళ్లీ కొత్త పెట్టుబడి వచ్చిన ప్రతిసారీ మీ వాటా పలచబడుతుంది.

2013లో ఆన్‌లైన్ ప్రయాణ సంస్థ ఐబిబో గ్రూప్ రెడ్‌బస్‌ను కొన్నది. ధర 600 నుంచి 800 కోట్ల దాకా ఉంటుందని పత్రికలు రాశాయి.

వాటాకూ ఓటుకూ లంకె లేని పద్ధతినీ మా ప్రాంతం చూసింది. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘం స్థాపించారు. సహకార పద్ధతిలో ఎన్ని వాటాలున్నా మనిషికి ఒకటే ఓటు. కంపెనీలో అలా కాదు, వాటా ఎంతో మాట అంత. అందుకే ఆలోచన మూటగట్టుకుని బెంగళూరు బస్సెక్కే మా ఆదోని, ఎమ్మిగనూరు పిల్లలకు ఒక్క మాట. కాగితం మీది కోట్లు చూసి మురిసిపోకండి. సంతకానికి ముందు మీకు మిగిలే వాటా లెక్కేసుకోండి. యార్డులో పత్తి తూకం వేస్తున్నంతసేపూ మీ నాన్న కాటా మీంచి చూపు తిప్పడు. మీరూ తిప్పకండి.