త్రాగుడు: రక్తదోషమా, మనోగాయమా?



మంజీరా నదీ ప్రాంతమున, తెలుగు, కన్నడ, మరాఠీ భాషలు కలిసికొను సీమలో మనూరు గలదు. ఈ నారాయణఖేడు తాలూకా నిజాము రాజ్యమున బీదరు జిల్లాకు చెందియుండి, 1956లో మెదకు జిల్లాలోను, 2016లో సంగారెడ్డి జిల్లాలోను చేరినది. పాలకులు మారిరి, సరిహద్దులు మారెను. త్రాగుబోతు కొడుకు తానును త్రాగినచో “అది వాని రక్తములోనే యున్నది” యను మాట మాత్రము అంతటను వినబడుచునే యున్నది. అందు సత్య మెంత? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రము రెండువందల యేండ్లుగా నిచ్చుచువచ్చిన సమాధానముల చరిత్రమే నేటి ప్రసంగము.

పూర్వము త్రాగుడు పాపమనియే తలచిరి. 1804లో థామస్ ట్రాటర్ అను బ్రిటిషు నౌకాదళ వైద్యుడు అది మనస్సునకు బట్టిన వ్యాధి యని వ్రాసెను. 1849లో స్వీడను వైద్యుడు మాగ్నస్ హుస్ దానికి ‘ఆల్కహాలిజము’ అను పేరు పెట్టెను. వ్యాధి యనుట మేలే. కాని పిమ్మట నది మార్పరాని వంశదోష మను వాదము ప్రబలెను. దాని ఫలము ఘోరము. 1933 జూలైలో నాజీ ప్రభుత్వము చేసిన శాసనమున, బలవంతముగా సంతానహీనులను జేయదగినవారి పట్టికలో తీవ్రమైన త్రాగుడు గలవారును జేరిరి. తొందరపాటు శాస్త్రము నిస్సహాయుల దేహములపై శాసనమై పడెను.

సరియైన పరీక్ష తరువాత జరిగినది. 1973లో డొనాల్డ్ గుడ్విన్ అను అమెరికా వైద్యుడును అతని సహచరులును డెన్మార్కులో, పసితనముననే పెంపునకు బోయిన కుమారులను పరిశీలించిరి. త్రాగుబోతులకు బుట్టి అన్యుల యింట బెరిగినవారు, ఇతరులైన పెంపుడు కుమారులకంటె ఇంచుమించు నాలుగురెట్లు ఎక్కువగా నీ వ్యసనమున జిక్కిరి. కవలలను గూర్చియు దత్తులను గూర్చియు జరిగిన పరిశోధనలను గూర్చి 2015లో లెక్కింపగా, ఈ విషయమున మనుష్యులలో గల భేదములందు సుమారు సగము వంశమూలక మని తేలెను. అయితే ఈ సగము జనసమూహమును గూర్చిన లెక్క. ఏ యొక్కని నుదుటి వ్రాతయు గాదు. పెక్కు జన్యువులు కొంచెము కొంచెముగా పనిచేయును.

తక్కినదానిలో ముఖ్యము బాల్యమున దగిలిన గాయము. 1998లో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా ప్రభృతులు సాన్ డియాగో నగరమున తొమ్మిదివేలకు మించిన పెద్దల బాల్యమును విచారించి ఫలితములను బ్రకటించిరి. దెబ్బలు, అవమానములు, తల్లిని గొట్టుట జూచుట, ఇంట త్రాగుడు మున్నగు క్లేశములలో నాలుగుగాని అంతకు మించిగాని యెరిగినవారికి, త్రాగుడు, మత్తుమందులు, మనోవ్యాకులత, ఆత్మహత్యాప్రయత్నము అనువాని భయము నాలుగు మొదలు పండ్రెండు రెట్లు అధికమయ్యెను. త్రాగుబోతు బిడ్డ తండ్రినుండి జన్యువులను మాత్రమే పొందుటలేదు. ఆ యింటి భయమును గూడ పొందుచున్నాడు. ‘రక్త’ మను మాట ఈ రెండవదానిని మరుగుపరచుచున్నది.

ఈ సంగతి మన స్త్రీలు ముందే యెరుగుదురు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారాపై దిరుగబడిరి. 1993 అక్టోబరు 1న సారా నిషేధమును, 1995 జనవరిలో మద్యనిషేధమును వచ్చెను. 1997లో రెండవది సడలెను.

తెలంగాణమున మరియొక కీడు గలదు. తాటికల్లు, ఈతకల్లు స్వభావముచే దేలిక పానీయములు. కాని పెక్కుచోట్ల వానిలో క్లోరల్ హైడ్రేటు, డయజెపాము, ఆల్ప్రజోలాము అను మందులు కలుపుదురు. 2020 మార్చిలో మహమ్మారిచే దుకాణములు మూతపడగా, ఆ మత్తు హఠాత్తుగా నిలిచి, మూర్ఛలతోను భ్రాంతులతోను అనేకులు హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యాలయమును జేరిరి. ఆ మూర్ఛలకు వంశము కారణము గాదు. కల్లులో గలిపిన మందే కారణము.

కావున బహుకాలము త్రాగినవానిని నిర్బంధించి ఒక్కనాట మాన్పింపరాదు. వైద్యుని పర్యవేక్షణ యవసరము. 2022లో నెలకొన్న టెలి-మానస్ వారితో 14416 అను సంఖ్యకు ఫోను చేసి తెలుగుననే మాటలాడవచ్చును. వంశమును మార్పజాలము. బిడ్డకు దగులు దెబ్బను మాత్రము ఆపగలము. తండ్రి త్రాగె గనుక కొడుకును త్రాగు నని బిడ్డ వినునట్లు పలుకకుండుట అందులకు మొదటి మెట్టు.