ఊపిరి వదిలాక

బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాను. తల దగ్గర రెండు మెత్తలు, వాటి మధ్య ముఖం పట్టేంత సందు, చుట్టూ పరిచిన పల్చటి కాగితం. ఊపిరి వదిలినప్పుడల్లా కాగితం అంచు కదిలి గరగరమంటోంది. సందులోంచి కనిపించేది కాస్త నేల, డాక్టరమ్మ తెల్ల బూట్లు, గోడవారగా కూర్చున్న అమ్మ పాదాలు. అమ్మ కాలివేళ్లు బిగబట్టి ఉన్నాయి. నాకంటే తనకే ఎక్కువ భయంగా ఉంది.

టెక్సస్‌లోని ఇర్వింగ్, శనివారం పొద్దున. నాలుగు రోజుల కిందట ఎయిర్‌పోర్టు నుంచి అమ్మని తీసుకొచ్చి, కారు డిక్కీలోంచి 23 కిలోల సూట్‌కేసుని నడుం మెలితిప్పి ఒక్క ఊపున లాగాను. లోపల ఆవకాయ, కందిపొడి, అరిసెలు. నడుం అక్కడే పట్టేసింది. "తెనాల్లో అయితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లెవరి చేతైనా తొక్కించేదాన్ని నాన్నా" అని అప్పట్నించీ అంటూనే ఉంది అమ్మ. ఆ మాట నాకు తీసిపారేసేదిగా అనిపించదు. నొప్పి ఉన్నచోట ఇంకో మనిషి చెయ్యి ఆనాలన్న కోరిక అన్ని ఊళ్లలోనూ ఉంది.

రాగానే పట్టుకుని టకామని విరిచేస్తారనుకున్నాను. అరగంట దాకా చెయ్యే వెయ్యలేదు. అన్నీ ప్రశ్నలే. నొప్పి మోకాలు దాటి దిగుతోందా? పాదంలో తిమ్మిరి ఉందా? ఒంటికి, రెంటికి వెళ్లడంలో తేడా వచ్చిందా? జ్వరం? కారణం లేకుండా బరువు తగ్గడం? చివరి మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా ఈ బల్ల ఎక్కించకుండా ఆస్పత్రికి పంపేదాన్నని చెప్పింది. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక్కో కాలూ పైకెత్తింది. రబ్బరు సుత్తితో మోకాలిచిప్ప కింద తట్టింది. తన చేతికి ఎదురుగా కాలి బొటనవేలు పైకి నెట్టమంది. "నరం మీద ఒత్తిడి ఉన్నట్టు లేదు. ఎక్స్‌రే అక్కర్లేదు" అంది. సగం నొప్పి అక్కడే తగ్గినట్టనిపించింది.

ఇప్పుడు వెన్ను వెంట ఒక్కో పూసా నొక్కుతూ వేళ్లు దిగుతున్నాయి, మెట్లు దిగినట్టు, తొందర లేకుండా. నడుం కింద కుడివైపున ఒకచోట ఆగాయి. "ఇక్కడేనా?" అక్కడే. నేను నోరు విప్పకముందే కండరం బిగుసుకుని ఆవిడ వేళ్లకి చెప్పేసింది.

ఎడమపక్కకి తిరగమంది. కింది కాలు చాపి, పై కాలు మడిచాను. ఒక చెయ్యి నా భుజం మీద, రెండో చెయ్యి తుంటి పైన. మెల్లగా తన వైపు దొర్లించి, నడుం ఇక తిరగదన్నచోట ఆపింది. "ఊపిరి తీసుకోండి. వదలండి." అంతా వదిలేసి ఒళ్లు వదులైన ఆ క్షణంలో ఒక కుదుపు. చాలా చిన్నది, చాలా వేగంగా. టపటపా రెండు చప్పుళ్లు.

"అయ్యో!" అమ్మ లేచి నిలబడింది.

నొప్పి లేదు. నడుంలో వెచ్చగా ఏదో పాకింది.

ఆ చప్పుడు ఎముక విరిగిందీ కాదు, జారిన ఎముక చోటికొచ్చిందీ కాదు. మెటికలు విరిస్తే వచ్చేలాంటిదే. కీలు మధ్య ఉండే జిగురునీటిలో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే వాయువుతో చిన్న బుడగ కడుతుంది. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు వేలు లాగుతూ ఎమ్మారైలో దాన్ని కళ్లారా చూశారు. మెటికలని చెప్పగానే అమ్మ కూర్చుంది.

గోడ మీద పాత ఫొటో, గుబురు గడ్డంతో డి.డి.పామర్. 1895లో అయోవాలోని డావెన్‌పోర్ట్‌లో, చెవులు సరిగా వినపడని హార్వీ లిల్లార్డ్ వెన్ను సవరిస్తే వినికిడి వచ్చిందని చెప్పుకున్నాడు. కైరోప్రాక్టిక్ అనే ఈ వైద్యం అక్కణ్నించే మొదలు. "అది మా పుట్టుక కథ. నేను మాత్రం చెవులకి వైద్యం చెయ్యను" అంది ఆవిడ. ఆ మాటతోనే నాకు గురి కుదిరింది. వెన్ను సరిచేస్తే ఉబ్బసం దగ్గర్నించి అన్నీ పోతాయనేవాళ్లున్నారు, వాటికి సరైన రుజువు లేదు. నడుంనొప్పి సంగతి వేరు. కొత్తగా వచ్చిన నడుంనొప్పికి మాత్రల కంటే ముందు చూడదగ్గవాటిలో కాపడం, మర్దనలతో పాటు ఇలా వెన్ను సవరించడాన్నీ 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ చేర్చింది. చాలామందికి రోజులు గడిచేకొద్దీ దానంతటదే తగ్గుతుందని కూడా చెప్పింది.

"నా మెడ కూడా ఒకసారి చూడమను నాన్నా" అంది అమ్మ. డాక్టరమ్మ కుర్చీ లాక్కుని అమ్మ ఎదురుగా కూర్చుని, ఏ మాత్రలు వేసుకుంటారో అడిగింది. రక్తం పల్చబరిచే మాత్ర. ఎముకలు గుల్లబారాయని పోయినేడాది గుంటూరులో చెప్పారు. ఆవిడ అక్కడే ఆపేసింది. "మెడ తిప్పి కుదిపే పద్ధతి మీకు వద్దు." మెడలోంచి మెదడుకి వెళ్లే రక్తనాళం చీరితే పక్షవాతం రావచ్చు, అరుదే గానీ అరుదని వదిలేసే విషయం కాదంది. కాపడం పెట్టుకోమని, గడ్డం మెల్లగా లోపలికి లాక్కునే ఒక్క వ్యాయామం అమ్మతో పాటు తనూ చేసి చూపించింది. దానికి డబ్బు తీసుకోలేదు.

నాకు చెప్పిందీ కొంచెమే. రేపు కాస్త సలపరించొచ్చు. మంచం పట్టొద్దు, నడవండి. ఐదారుసార్లకి గుణం కనిపించకపోతే తనే ఇంకో డాక్టరు దగ్గరికి పంపుతానంది. ముప్ఫైసార్లకి ముందే డబ్బు కట్టమన్న చోటు నుంచి నిన్న లేచి వచ్చేశాను, మంచిపనే చేశాను.

బెంచీ మీద కూర్చుని బూట్లు తొడుక్కుంటున్నాను. నాలుగు రోజులుగా నా లేసులు అమ్మే కడుతోంది. అలవాటుగా వంగబోయింది. "ఉండమ్మా" అని నేనే వంగాను. నడుం సగంలో ఒకసారి పట్టుకుని, వదిలింది. వేళ్లు లేసుకి అందాయి.

రెండో బూటు మాత్రం అమ్మే కట్టింది.