మిరుగం దాకా ఆగితేనే గునుగు

మే నెల చివరి వారం. మిట్టమధ్యాహ్నం కాకముందే రోహిణి ఎండ నెత్తిని మాడుస్తోంది. సంగారెడ్డి జిల్లాలో, మంజీర పారే వైపు, ఒక అరెకరం చెలక గట్టు మీద నిలబడి ఉన్నారు మీరు. నల్లరేగడి. ముందంతా నెర్రెలు, ఒక్కోదాంట్లో చెయ్యి పట్టేంత వెడల్పు. గట్టు మీద దొరికిన జొన్న దంటును ఒకదాంట్లోకి దించితే మొత్తం లోపలికి పోయింది కానీ అడుగు తగల్లేదు. లోతైన రేగడిలో ఇవి మీటరు దాటి దిగుతాయి. పక్కన గొంతుకూర్చుని చూడండి. గాలి వీచినప్పుడల్లా పైనున్న పొడిమట్టి, ఎండుటాకులు, ఏవో గింజలు అంచు మీదుగా జారి లోపలికి రాలుతున్నాయి. ఏటా ఎండల్లో ఈ నేల తన పైపొరను తానే మింగుతుంది. వానల్లో ఉబ్బి అడుగు మట్టిని పైకి నెడుతుంది. నాగలి తిరగని ఏడు కూడా ఇక్కడ దున్నకం జరిగిపోతూనే ఉంటుంది.

మీ చేతిలో గునుగు గింజల మూట ఉంది. బతుకమ్మకు పూలు కొనుక్కోవాల్సి వస్తోందని, ఈ బీడును పూలకే వదలాలని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు.

"ఇప్పుడే చల్లేద్దామా అవ్వా?"

గట్టు మీద చింతనీడన కూర్చున్న ముసలమ్మ మూట విప్పి గింజలను అరచేతిలో పోసుకుంటుంది. నల్లగా, నున్నగా, ఆవగింజ కన్నా చిన్నవి. "ఏం తొందర బిడ్డా? ఇప్పుడు చల్లితే పాతాళంల పడ్తయ్. మిరుగం రానీ."

ఇక్కడికి దగ్గర్లోనే, పటాన్‌చెరులో 1972లో మొదలైన వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఇలాంటి నేలకు ఇంకో దారి చెప్పింది: వానలకు ముందే పొడి దుక్కిలో విత్తండి, వాన పడ్డాక రేగడి మిమ్మల్ని లోపలికి రానివ్వదు. జొన్నకూ కందికీ ఆ మాట సరిపోతుంది. అవి రెండంగుళాల లోతు నుంచి కూడా లేచి రాగలవు. గునుగుకు అంత బలం లేదు, మీద పలుచని మట్టిపొర చాలు. కాబట్టి అవ్వ మాటే వినండి.

జూన్ రెండో వారం, మిరుగంలో (మృగశిర కార్తెలో) ఒక సాయంత్రం. పడమట మబ్బు దిగింది. మొదటి చినుకులు పడ్డచోట దుమ్ము లేస్తుంది, తర్వాత వాన దంచుతుంది. అయినా నీళ్ళు ఎటూ పారడం లేదు, నేరుగా నెర్రెల్లోకి దిగిపోతున్నాయి. లోపలున్న గాలి బుడబుడమంటూ పైకొస్తోంది. ఈ బంకమట్టి రేణువుల పొరల మధ్యకు నీరు చేరితే అవి ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. మీ ముందరి నెర్రె రాత్రికే మూసుకోదు, ఇంకో వాన కావాలి. మర్నాడు ఆత్రం కొద్దీ ఒక్క అడుగు వేస్తారు. మడమకు మట్టి అంటుకుంటుంది. రెండో అడుగుకు దాని మీద ఇంకో పొర. నాలుగో అడుగుకు కాలెత్తలేక చెప్పు బురదలోనే ఉండిపోతుంది. గట్టు మీది నుంచి నవ్వు వినబడుతుంది.

"జెర ఆగు బిడ్డా, పదునుకు రానీ!"

ఆ పదును ఎప్పుడొస్తుందో పంచాంగంలో ఉండదు. ఇంకో వాన పడి, రెండుమూడు రోజులు కాసిన తర్వాత ఒక పొద్దున అవ్వ గుప్పెడు మట్టి తీసి ఉండ చేసి, బొటనవేలితో నొక్కుతుంది. వేలిముద్ర మెరుస్తూ నిలబడితే ఇంకా తడి ఎక్కువ. రాయిలా మొండికేస్తే ఆలస్యమైపోయింది. ఉండ పొడిపొడిగా విడిపోయింది. ఇదీ అదను. రేపటికి ఉండకపోవచ్చు.

అందుకే ఈ పొద్దంతా పరుగులే. ఎడ్ల వెనక గుంటక తిరుగుతుంది. మీటరున్నరకు ఒకటి చొప్పున వాలు వెంట కాలువలు తీస్తారు (ఇది మాత్రం ఇక్రిశాట్ పద్ధతే), వానాకాలంలో వేళ్ళు నీళ్ళల్లో మురగకుండా. గింజలను పొడి ఇసుకలో కలిపి సగం నిలువుగా, సగం అడ్డంగా చల్లుతారు. నల్లమట్టి మీద నల్లగింజ కనబడదు, ఇసుకను బట్టే ఎక్కడ పడిందో తెలుస్తుంది. వెనకాలే ముళ్ళకంప లాగితే కప్పడం అయిపోయినట్టే. గట్టు మీద మొరం కలిసిన చోట తంగేడు విత్తనాలు నాటండి. వాటి పెంకు గట్టిది, వేడినీళ్ళు పోసి రాత్రంతా నానబెట్టి తెచ్చారు కదా.

జులై, ఆగస్టు కలుపుతోనే గడిచిపోతాయి. గట్టుకు అవతలి పత్తిచేలో ఆడవాళ్ళు గునుగును కలుపని పీకి పారేస్తున్నారు. ఇవతల మీరు గడ్డిని పీకి గునుగును కాపాడుతున్నారు. "ఏందమ్మా, కలుపును సాదుతున్నరా?" అని వాళ్ళు ఎకసెక్కమాడతారు. నవ్వి ఊరుకోండి. వాళ్ళు పీకేవాటిలో లేత ఆకులుంటే అడిగి తెచ్చుకోండి, కూరకు బాగుంటుంది. పక్కరైతు మిగిలిన యూరియా ఇస్తానంటాడు, అది మాత్రం వద్దు. నత్రజని పడితే గడ్డే ముందు లేచి గునుగును మింగేస్తుంది. పూలకు సత్తువ తక్కువైన నేలే మేలు. పాత ఎరువులు ఇంకా మిగిలి ఉన్నందుకేనేమో, ఈ మొదటి ఏడు చెలక చూడ్డానికి చిందరవందరగా ఉంది. చాలామంది చేతులెత్తేసేది ఇక్కడేనని నా అనుమానం. వయ్యారిభామను మాత్రం పూత రాకముందే, చేతికి గుడ్డ చుట్టుకుని, వేరుతో సహా లాగేయండి. 1950ల మధ్యలో పుణె దగ్గర కంటబడిన ఈ మొక్క ఇవాళ దేశంలో లేని ఊరు లేదు. ఒక్కటి గింజ కట్టనిచ్చినా వచ్చే ఏడంతా దానితోనే సరిపోతుంది.

పెత్తరమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) ముందురోజు పొద్దున్నే చేలోకి దిగండి. నడుమెత్తు గునుగు, కొన గులాబీ రంగు, కిందికొచ్చేకొద్దీ వెండి తెలుపు. మధ్యలో తుమ్మిపూలు, గడ్డిచామంతులు, వెంపలి ఊదారంగు. తేనెటీగల రొద చెవి పక్కనే. కోసేముందు ఒక కంకి కింది భాగాన్ని అరచేతిలో నలపండి. నల్లగింజలు రాలుతున్నాయి, పైన మాత్రం ఇంకా పూస్తూనే ఉంది. కింద విచ్చిన పూలే ముందు గింజ కడతాయి. ఈ కంకులు బతుకమ్మలో పేర్చుకుని చెరువుకు పోతే ఆ గింజలూ నీళ్ళపాలే. అందుకే అవ్వ సగం చేను కొయ్యనివ్వదు.

"గివి నేలకు బిడ్డా. మనకు గవి."

సద్దుల బతుకమ్మ వెళ్ళి నెల దాటాక కొడవళ్ళు పడతాయి. కోసిన దంట్లను అక్కడే రెండుమూడు రోజులు ఎండనిచ్చి, దులిపి, బయటికి మోసేస్తారు. చేలోనే కుళ్ళితే నేలకు మళ్ళీ బలమెక్కి గడ్డి లేస్తుంది. దిగువన కాలువలు కలిసే మూల మాత్రం తుంగ పట్టేసింది. గడ్డపారతో తవ్వితే గడ్డలు ఒకదాని కింద ఒకటి వస్తూనే ఉన్నాయి. అవ్వ చూసి, ఆ మూల బర్రెలకు వదిలెయ్యమంది.