గుడ్డి గుర్రానికి దాణా ఎవరు పెట్టాలి?

ఈ వారం మన ప్రాంతపు గుర్రాల గురించి రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అంటాం. పని చేయకుండా తినేవాళ్ళను ఎగతాళి చేసే సామెత ఇది. కానీ గుర్రం వైపు నుంచి చూడండి. కళ్ళు పోయినంత మాత్రాన ఆకలి పోతుందా? మన చరిత్రలో గుర్రం ధర రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు. దాని ముసలితనం గురించి రాసినవాళ్ళు అరుదు.

బాగేపల్లి దాటి హైవేలో ఉత్తరానికి పోతే పెనుకొండ వస్తుంది. 1565 తర్వాత విజయనగర రాజులకు అదే రాజధాని. ఆ రాజ్యానికి మేలు జాతి గుర్రాలు హొర్ముజ్ నుంచి ఓడల్లో వచ్చేవి. సాళువ నరసింహుడు సముద్రంలో చచ్చిన గుర్రానికి కూడా, తోక తెచ్చి చూపిస్తే డబ్బిచ్చేవాడని పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. యుద్ధానికి గుర్రం అంత అవసరం మరి!

తర్వాత మైసూరు కాలం. 1918 సెప్టెంబరు 23న పాలస్తీనాలోని హైఫా పట్నాన్ని పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. మైసూరు లాన్సర్ల స్మారకం బెంగళూరు జె.సి.నగర్‌లో ఉంది. అటు పోయినప్పుడు చూడండి.

ఆ యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం సుమారు 20,000 గుర్రాలను ఈజిప్టులోనే అమ్మేసింది. 1930లో డొరొతీ బ్రూక్ అనే సైనికాధికారి భార్య కైరో వచ్చి, ఎముకలు తేలి బండ్లు లాగుతున్న ఆ ముసలి గుర్రాలను చూసింది. 1931లో ఇంగ్లండు పత్రికకు ఉత్తరం రాసింది. చందాలతో కొన్నేళ్ళలోనే 5,000 గుర్రాలు కొంది. చాలావాటికి బతికే శక్తి లేదు. వాటికి కొన్ని రోజులు కడుపునిండా మేత, మెత్తటి పడక ఇచ్చి, బాధ లేని చావు ఇచ్చారు. 1934లో అక్కడే ఉచిత ఆసుపత్రి పెట్టింది. ఆమె పేరిట ఉన్న సంస్థ ఇప్పుడు మన దేశంలోనూ పనిచేస్తోంది.

మన పట్నాల గుర్రం సైన్యానిది కాదు, జట్కాది. చిక్కబళ్ళాపురం, చింతామణి పేటల్లో పెద్దలు జట్కా ఎక్కి తిరిగినవాళ్ళే. ఆటోలు వచ్చాయి, జట్కాలు పోయాయి. బండి తోలేవాళ్ళకే పూట గడవనప్పుడు గుర్రానికి ఉలవలు ఎక్కడివి? కాబట్టి తప్పంతా వాళ్ళ మీద వేయలేం. మిగిలిన గుర్రాలు ఇప్పుడు పెళ్ళి ఊరేగింపులకు వస్తున్నాయి. బాడుగకు పిలిచేది మనమే.

చట్టం ఏమంటుంది? రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల వల్ల వచ్చిన 1960 జంతు హింస నివారణ చట్టం ప్రకారం, మేత, నీళ్ళు, నీడ ఇవ్వకపోవడం నేరం. కారణం లేకుండా వదిలేయడం, పనికి తగని జంతువుతో పని చేయించడం కూడా నేరమే. అలాంటి జంతువును చికిత్సాలయంలోనో పింజ్రాపోల్‌లోనో ఉంచమని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు, ఖర్చు యజమాని మీద వేయవచ్చు. 1965 నియమాల ప్రకారం రోజుకు తొమ్మిది గంటలకు మించి పని చేయించరాదు.

అయితే గుర్రాన్ని విడిపించడం ఒక్కరోజు పని, నిలబెట్టడం నెలల పని. ఎండిపోయిన గుర్రానికి జాలితో ఒకేసారి గంపెడు దాణా పెడితే ప్రాణానికే ముప్పు. మొదట కొద్దికొద్దిగా ఎండు లూసర్న్ మేత, రోజుకు ఆరేడుసార్లు, పది రోజుల మీదట పెంచుకుంటూ పోవాలి. పెరిగిన గిట్టలు చెక్కించాలి, పదునైన పళ్ళు అరగదీయించాలి, పురుగుల మందు, ధనుర్వాతం టీకా వేయించాలి. గ్లాండర్స్ రక్తపరీక్ష అయ్యేదాకా విడిగా కట్టాలి, అది మనుషులకూ సోకుతుంది. నీలగిరుల్లో మసినగుడి దగ్గర 'ఇండియా ప్రాజెక్ట్ ఫర్ యానిమల్స్ అండ్ నేచర్' ఇలాంటి గుర్రాలకు, గాడిదలకు ఆశ్రయం ఇచ్చింది. చేయలేనిదేం కాదు.

కాబట్టి సభ్యులకు నా విన్నపం. ఊరేగింపుకు గుర్రాన్ని మాట్లాడేటప్పుడు ముందు జీను ఎత్తి వీపు చూడండి, నడిపించి కాళ్ళు చూడండి. పుండు ఉన్నా, కుంటుతున్నా వద్దనండి. రోడ్డు మీద దిక్కులేని గుర్రం కనిపిస్తే ఫొటో పెట్టి ఊరుకోకుండా తాలూకా పశువైద్యశాలకు చెప్పండి. మీ ఇళ్ళలో జట్కా నడిపిన పెద్దలుంటే వాళ్ళ మాటలు రాసి పంపండి. గుర్రం సంగతి వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.